పదునన్న మాట

కొలిమితిత్తి ఉస్సురంటూ లేచి పడుతోంది. పోలయ్య నాగటి కర్రును పట్టకారుతో నిప్పుల్లోకి ఇంకాస్త తోశాడు. ఎదురుగా అతని భార్య వెంకటనరసమ్మ, చెంగు నడుముకు బిగించి తిత్తి తాడు లాగుతోంది. లాగినప్పుడల్లా మెడ నరాలు తేలుతున్నాయి. కొన్నాళ్ళుగా పొద్దువాలేసరికి ఆమెకు ఒళ్ళు కాగుతోంది.

ఉప్పు సత్యాగ్రహం జరిగిన మరుసటి ఏడు అది. తొలకరి పడగానే ముదినేపల్లి రైతులందరికీ ఒక్కసారే కర్రులు గుర్తుకొచ్చాయి. పోలయ్య కొలిమి పుంతదారి పక్కన తాటాకు పాక. అతని తండ్రి పోయింది ఆ పాకలోనే, అతనికి జుట్టు నెరిసిందీ అక్కడే. కుడిచెయ్యి ఎడమదానికన్నా లావు. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. ఏలూరు వెళ్ళినా ఇనుము కొని తిరిగొచ్చేవాడే. మాట తక్కువ మనిషి. భార్యకెదురుగా రోజంతా కూర్చున్నా అతని నోటివెంట వచ్చేది ఒక్కటే: "గాలి కొట్టు."

పొద్దెక్కాక ఊరి ఆసామి నరసింహరాజు వచ్చాడు. వరినారు పోసే ఆకుమడి దున్నించాలట. వానకు నేల సరిగ్గా పదునుకొచ్చిందనీ, ఇంకో పూట ఎండకాస్తే గట్టిపడిపోతుందనీ, సాయంకాలంలోగా కర్రులు కావాలనీ చెప్పి వెళ్ళాడు.

పోలయ్య ఎర్రగా కాలిన కర్రు మొనను తొట్టినీళ్ళలో ముంచాడు. చుయ్యిమంది. పైకి తీసి రాతిమీద ఒక్కసారి రుద్దాడు. తళుక్కుమన్న మొనమీదికి వెనకనుంచి వేడి పాకి, ఎండుగడ్డి రంగు తిరిగింది. ఆ రంగు దాటకముందే మళ్ళీ ముంచాలి. తొందరపడితే పెళుసై విరుగుతుంది, ఆలస్యమైతే మెత్తబడి వంగుతుంది.

రాజుగారన్న మాట అప్పుడు మనసులో మెదిలింది. నేలకూ అంతేగదా. తడి ఎక్కువైతే బురద, తక్కువైతే పెళ్ళ. పదునంటే అసలు తడే. అదనుకు నీళ్ళు తగిలిన ఇనుముకూ ఆ పేరే పెట్టి ఉంటారు. తెగడమన్న అర్థం తర్వాత వచ్చి ఉంటుంది. ఇన్నేళ్ళూ ఆ మాట నోట్లోనే ఉన్నా తనకు తట్టనేలేదు.

సంతోషం పట్టలేక భార్యకు చెప్పాడు. ఆమె తిత్తి ఆపకుండానే విని, నవ్వింది.

"కాపరానికొచ్చిన కొత్తలో ఇదే చెప్పానండి మీకు. మా అమ్మ పొలంలో పదును చూసి విత్తులు చల్లేది."

పోలయ్యకు గుర్తులేదు. "అప్పుడు నేనేమన్నాను?"

"గాలి కొట్టమన్నారు."

నిష్ఠూరంగా అనలేదు. అందుకే అతనికి ఎక్కువ గుచ్చుకుంది. ఇంకా ఏమేం చెప్పిందో, తాను ఏమేం వినలేదో అడగాలనిపించింది. కానీ కర్రులు మిగిలే ఉన్నాయి. ఇవి అయ్యాక అడుగుదామనుకున్నాడు.

కాసేపటికి ఆమె తాడు వదిలి, కాస్త నడుం వాలుస్తానని చెప్పి, గోడవార చాపమీద అటు తిరిగి పడుకుంది. పోలయ్య ఒక చేత్తో తిత్తి లాగుతూ, ఇంకో చేత్తో కర్రు తిప్పుతూ పని సాగించాడు. రాజుగారి పాలేరు వచ్చి కర్రులు పట్టుకుపోయాడు. అప్పుడు నిప్పులమీద నీళ్ళు చిలకరించి, వెళ్ళి చాప పక్కన చతికిలబడ్డాడు.

"మీ అమ్మ పదును ఎలా చూసేదే?"

ఆమె పలకలేదు. మళ్ళీ అడిగాడు. భుజంమీద చెయ్యి వేశాడు. ఉదయంనుంచీ నిప్పుకెదురుగా ఉన్న ఒళ్ళు చల్లగా తగిలింది. పోలయ్య చెయ్యి తియ్యలేదు. ఇక అడగడానికి మనిషి లేదు.

చాప తలాపున, అతనికోసం విడిగా తీసి ఉంచిన గంజి ముంత ఉంది. దానిమీద ఆమె మూతపెట్టిన తామరాకు అంచులు ముడుచుకుని వాడిపోతోంది.