లైటు తిరిగిన వైపు

పెనుకొండ కోట ఎక్కాలంటే ఇంతియాజ్ మోకాళ్ళు ముందే మొరాయిస్తాయి. ఆ నెలలో అది ఆరోసారి. హిందూపురంలో స్టూడియో పెట్టి పాతికేళ్ళయింది. ఒకప్పుడు పెళ్ళంటే పెళ్ళి రోజు పోతే సరిపోయేది, ఇప్పుడు పెళ్ళికి ముందే ఒక సినిమా తీసి పెట్టాలి. పెళ్ళికొడుకు బాలాజీ ఫోన్‌లో ఒక పాట చూపించి, అందులో మాదిరే పెళ్ళికూతురు అరుణ కొంగు గాల్లో పదడుగులు లేవాలన్నాడు. ఆ రోజు ఆకు కూడా కదలడం లేదు. చేసేదేముంది, కొంగు చివర నైలాన్ దారం కట్టి, బురుజు మీది నుంచి గుంజే పని పెళ్ళికొడుకు స్నేహితుడికి అప్పజెప్పాడు.

దారం ముడి వేస్తుంటే అరుణ గొంతు తగ్గించి మాట్లాడింది.

"అన్నా, మాయమ్మ ముహూర్తం టైంకు ముందుకు రాదు. నాయన పోయినాడు కదా. చిన్నాయనోళ్ళు పీటల మీద కూర్చుంటారు. అమ్మ యాడ నిలబడినా సరే, తాళి కట్టేటప్పుడు ఆమెది ఒక్క ఫొటో తియ్యన్నా."

తీస్తాలేమ్మా అన్నాడు ఇంతియాజ్. తేలిగ్గానే అన్నాడు కానీ, ఈ పాడు వృత్తిలో అతనికి ఇంకా ఇష్టంగా మిగిలింది ఆ ఒక్క పనే.

ఆ పని అతనికి నేర్పింది సినిమానే. నాయన మొహిద్దీన్ సాబ్ పెనుకొండలో టాకీసు ఆపరేటరు. ఒక్కో బొమ్మను ముప్పైసార్లు ఆపరేటర్ గది కిటికీలోంచి చూస్తూ పెరిగాడు ఇంతియాజ్. అన్నిసార్లు చూస్తే కథ పోయి కెమెరా కనపడుతుంది. హీరో తాళి కడుతుంటాడు, కెమెరా ఉన్నట్టుండి ఎక్కడో దూరంగా నిలబడ్డ ఒక మొహం మీదికి పోతుంది. ఎందుకట్లా అని ఒకరోజు నాయనను అడిగాడు. "తాళి అందరూ చూస్తానే ఉండారు గదరా. ఆ మొగాన్ని ఎవరూ చూడ్డంలేదు, అందుకే కెమెరావాడు చూపిస్తాండాడు" అన్నాడు మొహిద్దీన్ సాబ్, రీలు మార్చుకుంటూనే.

అప్పటి నుంచి ఇంతియాజ్ పద్ధతి ఒకటే. వీడియో కెమెరాను స్టాండు మీద తాళికి ఎదురుగా పెడతాడు. గట్టిమేళం మోగగానే చేతిలో ఉన్న కెమెరాతో తాళివి నాలుగు ఫొటోలు కొట్టి, దాని నెత్తిన ఉన్న లైటు ఆర్పి, రెండు రెప్పపాట్లు జనంలోకి తిరుగుతాడు. ఈ సంగతి ఏ పెళ్ళివాళ్ళకూ తెలియదు. ఆల్బంలో ఆ ఫొటో చూసినప్పుడు ఎవరో ఒకరు కాసేపు ఆగిపోతారు. అంతే.

ధర్మవరంలో పెళ్ళి. నాలుగు రోజుల్లో అతనికది మూడో పెళ్ళి. అరుణ తల్లి నరసక్క పట్టుచీరలు నేస్తుంది. కూతురు కట్టుకున్న చీర ఆమె చేతి నేతే. వంటలు, వడ్డనలు, పెట్టుపోతలు అన్నీ ఆమే చూసుకుంది, ముహూర్తం దగ్గరపడగానే మాయమైంది. సామాను గది పక్కన స్తంభం వెనక ఆమె చీర అంచు కనపడుతోంది. ఇంతియాజ్ ఆ చోటు ముందే గుర్తుపెట్టుకున్నాడు.

గట్టిమేళం మోగింది. తాళివి నాలుగు కొట్టాడు. తిరిగాడు. నరసక్క స్తంభం వెనక నుంచి తల కొంచెం బయటికి పెట్టి చూస్తోంది, గుప్పిట్లో అక్షింతలు. ఇంతియాజ్ నొక్కాడు.

లైటు ఆర్పలేదు.

పాతికేళ్ళలో ఎప్పుడూ జరగలేదు. అలిసిన వేలు తన పని మరిచిపోయింది. తెల్లటి వెలుతురు సూటిగా నరసక్క మొహం మీద పడింది. మండపమంతా తల తిప్పి ఆమెను చూసింది. ఆమె చప్పున కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని వెనక్కి పోయింది. తాళి కట్టే టైంకు చూడాల్సింది ఎవరినో, చూపించింది ఎవరినో అని పెళ్ళికొడుకు మేనత్త చౌడక్క పక్కవాళ్ళకు వినపడేలాగే అంది. ఇంతియాజ్ అప్పుడు ఆర్పాడు లైటు.

భోజనాల వేళ నరసక్కే వెతుక్కుంటూ వచ్చింది.

"నా బొమ్మ ఏమన్నా పడుంటే తీసేయన్నా. రేపు ఆ ఇంట్లో ఏ చిన్న నొప్పి వచ్చినా నా మొగమే కారణమని చెప్తారు. ఆ పిల్ల ఆడ బతకాల."

అతను చూపించాడు. కళ్ళకు అడ్డంగా చేయి, దొరికిపోయిన దొంగ మాదిరి వంగిన భుజం. ఆమె చూస్తుండగానే తీసేశాడు. మాటిచ్చిన ఫొటో అట్లా పోయింది.

పది రోజులు ఆ వీడియో ముట్టుకోలేదు. చివరికి ఒక మధ్యాహ్నం స్టూడియోలో కూర్చుని తప్పదన్నట్టు తెరిచాడు. స్టాండు మీది కెమెరా తన పని తాను చేసుకుపోయింది. బాలాజీ చేతులు తాళి ముడి వేస్తున్నాయి. చుట్టూ ఉన్న తలలన్నీ ఒకేసారి పక్కకు తిరిగాయి. వంచుకున్న తల ఎత్తి అరుణ కూడా అటే చూసింది. మొదట బెదిరినట్టు, తర్వాత వెతికింది దొరికినట్టు. నిండిన కళ్ళతోనే నవ్వింది. ఇంతియాజ్ అక్కడ ఆపి, ఆ ముక్కను విడిగా కోసి పెట్టుకున్నాడు.

ఆల్బం ఫొటోలు ఏరుకోవడానికి అరుణ వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఫొటో లేదమ్మా, ఇదొక్కటుంది అని ఆ ముక్క చూపించాడు. ఆమె రెండుసార్లు చూసింది.

"నాకు అమ్మ కనపడిందన్నా. కళ్ళల్లో లైటు కొట్టి అమ్మకే నేను కనపడలేదు" అంది.

ఈ మాట ఇంతియాజ్‌కు తట్టనే లేదు. నరసక్క అంత దొంగతనంగా నిలబడింది ఆ ఒక్క చూపు కోసమే, ఆ కళ్ళనే తను మూయించాడు. ఫోన్‌లో పంపితే సరిపోయేది. కానీ మరుసటి రోజే ధర్మవరం బస్సెక్కాడు.

నరసక్క మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తోంది. ఫోన్ చేతికిచ్చి, తాళి కట్టేది చూడక్కా అన్నాడు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకుంది. తెరకు మొహం దగ్గరగా పెట్టి చూసింది.

"అందరూ తాళి చూడకుండా అట్ల తిరిగినారేమన్నా? ఇదేమి, ఈ పిల్ల కూడా యాడో చూస్తాండాది?"

"నీ వైపే అక్కా."

 బొమ్మ అయిపోయింది. నరసక్క ఫోన్ చేతిలోనే పట్టుకుని, మళ్ళీ మొదట్నుంచి పెట్టమన్నట్టు అతని వైపు చాపింది. ఇంతియాజ్ మోకాళ్ళు పట్టుకుని గుంత గట్టు మీద కూర్చుని, మళ్ళీ పెట్టాడు.