ఒక్కటీ పోలేదన్న మాట

ఫిబ్రవరి వచ్చిందంటే లెమ్యూల్ గ్యాస్కిన్స్‌కి ఊపిరాడదు. డెట్రాయిట్‌లో ఉన్న ప్రతి చర్చికీ, బడికీ, బ్యాంకుకీ నల్లవాళ్ల చరిత్ర ఆ నెలలోనే గుర్తుకొస్తుంది. ఎర్రకోటు తొడిగించి, కారెక్కించుకుని వెళ్లి, వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె పెట్టి, చేతికో చెక్క ఫలకం ఇచ్చి పంపిస్తారు. మార్చి మొదటివారంలో అదే ముసలాయన వాకిట్లో మంచు ఎత్తిపోసుకుంటుంటే పలకరించే నాథుడుండడు.

ఆయనకు తొంభై దాటాయి. నల్లవాడికి విమానం నడిపే బుర్ర ఉండదని సైన్యంలో పెద్దలు తీర్మానించుకున్న రోజుల్లో అలబామాలో విమానం నేర్చుకుని, రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ వెళ్లి, తోకకి ఎర్రరంగు పూసిన యుద్ధవిమానంలో తెల్లవాళ్ల బాంబర్లకి కాపలా కాశాడు. గెలిచి తిరిగొస్తే ఓడ దిగగానే తెల్లవాళ్లు ఇటు, నల్లవాళ్లు అటు అని దారి చూపించారు. ఒక్క విమాన కంపెనీ గుమ్మం ఎక్కనివ్వలేదు. రిటైరయ్యేదాకా తపాలా ఆఫీసులో ఉత్తరాలు విడదీశాడు. ఆ ఆఫీసులో ఆయనకెవరూ ఫలకం ఇవ్వలేదు.

ఇప్పుడు సన్మానాలకి లోటు లేదు. ప్రతి సన్మానంలోనూ ఒక మాట తప్పదు. ‘వీళ్లు కాపలా కాసిన బాంబర్లలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటీ, శత్రువు చేతిలో పోలేదు.’ ఈ మాట రాగానే జనం లేచి నిలబడతారు. లెమ్యూల్ మాత్రం బూట్లకేసి చూసుకుంటాడు. ఎందుకంటే ఒకటి పోయింది. ఆయన కళ్లముందే పోయింది. ఆ సంగతి ఒకటి రెండుసార్లు చెప్పబోయాడు కూడా. ఎంత వినయం ఈయనకి అని మెచ్చుకుని ఇంకో ఫలకం ఇచ్చారు.

ఆ ఆదివారం మౌంట్ హెర్మోన్ బాప్టిస్టు చర్చిలో సన్మానం. కారు నడుపుతున్నది కూతురు వెర్నెట్టా. పక్కన లెమ్యూల్, వెనక సీట్లో యుద్ధంలో ఆయనతో కలిసి ఎగిరిన హోరేస్ డబ్నీ. ఇద్దరూ ఎర్రతోకల దళానికి గుర్తైన ఎర్రకోట్లలో పెళ్లి బ్యాండువాళ్లలా ఉన్నారు.

"నిన్న చర్చికి ఒకావిడ ఫోన్ చేసింది నాన్నా," అంది వెర్నెట్టా. "హామ్‌ట్రామ్క్‌లో ఉండే పోలిష్ ఆవిడ. వాళ్ల నాన్న బాంబర్లో పోయాట్ట. కాపలా ఎర్రతోకలవాళ్లేనంట. అలా కుదరదమ్మా, మావాళ్ల దగ్గర ఒక్కటీ పోలేదు, మీరెవరినో చూసి ఎవరో అనుకుంటున్నారని చెప్పా."

"ఎక్కడ పడిందంట?"

"ఆస్ట్రియాలో ఏదో సరస్సు పక్కన. అయినా ఇవాళ రమ్మన్నాలే. వచ్చి పాటలు వినిపోతే పోయేదేముంది."

లెమ్యూల్ వెనక్కి తిరిగి హోరేస్‌ని చూశాడు. హోరేస్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఒరేయ్ హోరేసూ, సరస్సంటోంది."

"ఆస్ట్రియాలో సరస్సులకేం కరువురా."

"నీకు తెలుసు అదేదో. ఆ పిల్లకి చెప్పాలి."

"ఆ పిల్లకి డెబ్బై ఏళ్లుంటాయి, ఇప్పుడు చెప్పి ఏం ఉద్ధరిస్తావ్?" హోరేస్ ఇటు తిరిగాడు. "లెమ్, నువ్వు ఒకటి పోయిందంటావు. తెల్లవాళ్లు పది పోయాయంటారు. ఎల్లుండికి అసలు మనం ఎగరనే లేదంటారు. మనకి ఉన్నదల్లా ఆ ఒక్క మాటరా. దాన్నీ నీ చేత్తోనే పారేస్తావా?"

"ఆ బాంబర్లో ఉన్నవాళ్లని పారేసి దాచుకున్న మాటరా అది."

"నాన్నా," అంది వెర్నెట్టా రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "చర్చిలో ఆ మాట ఎత్తారంటే నేను మళ్లీ తల ఎత్తుకోలేను. సండేస్కూలు పిల్లలకి పాఠం చెప్పేది నేనే."

లెమ్యూల్ మాత్రం చెప్పాలనే నిశ్చయించుకున్నాడు. తొంభై దాటినవాడికి వచ్చే ఫిబ్రవరి ఉంటుందని భరోసా ఏమిటి?

చర్చి కిటకిటలాడుతోంది. ఆడవాళ్ల టోపీల మధ్య వెనక వరసలో నెరిసిన జుట్టు తెల్లావిడ ఒకతె చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని బిగుసుకుని కూర్చుంది. లెమ్యూల్ ఆమెనే చూస్తూ వేదిక మెట్లెక్కాడు.

పాస్టర్ క్లేబోర్న్‌కి గొంతు దేవుడిచ్చిన వరం, దాన్ని వాడకుండా ఉండటమే ఆయనకి చేతకాదు. "మన బిడ్డలకి ఎగరడం రాదన్నారు," అన్నాడు.

"అన్నారు అన్నారు," అంది చర్చి.

"ఎగిరారా లేదా?"

"ఎగిరారు!"

"కాపలా కాసినవాటిలో ఎన్ని పోయాయి?"

"ఒక్కటీ పోలేదు!"

ఆర్గన్ మోగింది. పాస్టర్ మైకు లెమ్యూల్ చేతికిచ్చాడు. మౌంట్ హెర్మోన్‌లో పైన నిలబడ్డవాడు ఒక మాటంటే కిందవాళ్లు ఇంకో మాట అందిస్తారు. వింటున్నామని చెప్పే పద్ధతి అది. తడబడితే ‘ప్రభువా, సాయం చెయ్యి’ అంటారు. బాగా చెబితే ఇంకా గట్టిగా అంటారు. ఆ సంగతి లెమ్యూల్‌కి పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు, కానీ ఆ నిమిషంలో గుర్తు రాలేదు.

"ఒకటి..." అన్నాడు.

"చెప్పు తాతా!"

"ఒకటి పోయింది."

"ఒక్కటీ!" అని అందుకుంది గాయకుల వరస.

"కాదు, ఒకటి పోయింది. నేను చూశాను."

"ఆయన చూశాడు!" అన్నారు పెద్దమనుషుల బెంచీవాళ్లు. "కళ్లారా చూశాడు!"

"అందులో పదిమంది ఉన్నారు..."

"ప్రభువా, సాయం చెయ్యి!" అని ముందు వరసలో ఒక పెద్దావిడ చేతిరుమాలు ఊపింది. డ్రమ్ముల కుర్రాడు అదే అదును అనుకున్నాడు. చర్చి మొత్తం లేచింది. ఒక్కటీ పోలేదు, ఒక్కటీ పోలేదు అంటూ అప్పటికప్పుడు పాట కట్టేశారు. లెమ్యూల్ మైకు పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఉన్న నిజమంతా చెప్పాడు, ఒక్క చెవిలోనూ పడలేదు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అది చూసి జనం ఆనందబాష్పాలనుకున్నారు. పాస్టర్ కౌగలించుకుని ఫలకం చేతిలో పెట్టాడు.

కింద భోజనాల హాల్లో హోరేస్ రెండు పళ్లాల నిండా పెట్టించుకుని కూర్చున్నాడు. "బ్రహ్మాండంగా చెప్పావురా," అన్నాడు కన్నుగీటి. "నా జన్మలో ఇంత చక్కటి అబద్ధం వినలేదు, అదీ ఒక్క అబద్ధం ఆడకుండా."

"నోరు మూసుకుని తిను."

ఇంతలో ఆ తెల్లావిడ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"నా పేరు డొలోరెస్ అండి. ఫోన్ చేసింది నేనే. పైన మీరు ఒకటి పోయిందన్నారు కదా."

లెమ్యూల్ చెంచా వదిలేశాడు. "నీకు వినపడిందా తల్లీ?"

"మేం కేథలిక్కులమండి. పైనవాళ్లు మాట్లాడుతుంటే నోరు మూసుకుని వింటాం. అందరూ ఎందుకు అరుస్తున్నారో నాకు అర్థం కాలేదు."

వెర్నెట్టా గబగబా వచ్చింది. "ఏమనుకోకండమ్మా, పెద్దాయన కదా, ఒక్కోసారి ఒకటికి ఒకటి కలిపేస్తుంటారు."

"కలపలేదు," అన్నాడు లెమ్యూల్. "ఎడమ రెక్క అంటుకుంది. సరస్సు పక్కన కొండ ఉంది. అక్కడ పడింది."

డొలోరెస్ తల ఊపింది. ఆమె అడగాలనుకున్నది అది కాదు. కాసేపు సంచీ పట్టీ నలుపుకుంది.

"మా అమ్మ పోయేదాకా ఒకటే అనేదండి. తప్పుగా అనుకోకండి, ఆవిడ మాట చెబుతున్నా. నల్లవాళ్లని కాపలా పెడితే ఇంతే కదా, జర్మన్లని చూడగానే వదిలేసి పారిపోయుంటారు అనేది. మీవాళ్లేమో అసలు పోనే లేదంటారు. మరి మా నాన్న దగ్గర ఎవరూ లేరనే కదా అర్థం. నాకు ఆ ఒక్కటి చెప్పండి. వదిలేసి వెళ్లిపోయారా?"

వెర్నెట్టా మొహం కందిపోయింది. ఏదో అనబోయింది. అంతకుముందే బల్ల దభీమని అదిరింది. హోరేస్ లేచి నిలబడ్డాడు, గడ్డం మీద ముక్క అంటుకునే ఉంది.

"ఎవరమ్మా పారిపోయింది? వాళ్లు ఎనిమిదిమంది, మేం ఇద్దరం. వీడు పైన, నేను కింద. ఇద్దర్ని పడగొట్టాం. అయినా పోయింది. పోయిందమ్మా, నేనూ చూశాను, ఎవరితో కావాలంటే వాళ్లతో చెబుతా. కానీ అది నేలకి తగిలేదాకా దాని పక్క వదల్లేదు. తిరిగి రావడానికి పెట్రోలు చాలకపోవచ్చని తెలిసి కూడా వదల్లేదు. వదిలేశామన్నవాడెవడో నా ఎదటికొచ్చి అనమను."

పాస్టర్ చేతిలో కేకు ముక్క అలాగే ఉండిపోయింది. ఈసారి ఎవరూ మాట అందించలేదు.

డొలోరెస్ కుర్చీ లాక్కుని ఇద్దరు ముసలాళ్ల మధ్య కూర్చుంది. "నాకు తొందరేం లేదు," అంది. "ఆ రోజు పొద్దున్న లేచిన దగ్గర్నుంచి చెప్పండి."

లెమ్యూల్ హోరేస్ వంక చూశాడు. ఇన్ని ఫిబ్రవరుల్లో తమని ఆ మాట అడిగినవాళ్లు లేరు.

"పొద్దున్నే వాన," అన్నాడు హోరేస్ కూర్చుంటూ.

"వాన కాదురా, మంచు," అన్నాడు లెమ్యూల్.

వెర్నెట్టా కారు తాళాలు బల్ల మీద పెట్టి తనూ ఒక కుర్చీ లాక్కుంది.