ఏడో పాట

తమ బ్యాండుకు డెడ్ బ్యాటరీస్ అన్న పేరు కోసం ఆ ముగ్గురూ పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోలేదు. కెనడాలోని థండర్ బేలో జనవరి వచ్చిందంటే ప్రతి ఇంటి ముందూ చలికి బ్యాటరీ చచ్చి ఒక కారు మొరాయించి కూర్చుంటుంది. డారియో ఫాబ్రో పాటలు రాసేవాడు, గిటార్ వాయిస్తూ పాడేవాడు. మిచ్‌ది బేస్ గిటార్; అంతకన్నా ముఖ్యంగా వ్యాను అతనిది. ఐలా రౌతియో డ్రమ్స్ వాయించేది. పందొమ్మిదేళ్ళ ఐలాకు నోరు విప్పి మాట్లాడటమే ఎక్కువ, ఇక పాట సంగతి చెప్పనక్కర్లేదు. స్కూల్లో సంగీతం టీచరు ఆమెను వెనక వరుసలో నిలబెట్టి, "నువ్వు పెదాలు కదిపితే చాలమ్మా" అంది. ఐలా దాన్ని అవమానంగా తీసుకోలేదు. సలహాగా తీసుకుంది.

2002 ఫిబ్రవరిలో వాళ్ళు మొదటి ఆల్బమ్ రికార్డు చేశారు. వెర్న్ అనే పెద్దాయన తన టీవీ రిపేరు షాపు కింది గదిలో మైకులు పెట్టి కుర్రకారు పాటలు ఎక్కిస్తుండేవాడు. పది పాటలకు నాలుగు రోజులు ఇచ్చాడు. మూడో రోజు మధ్యాహ్నానికి డారియో గొంతు పూర్తిగా పోయింది.

"ఏడో పాటకి ఇంకా గిటార్లు ఎక్కించాలి" అన్నాడు వెర్న్. "మాటలు ఎక్కడ పడతాయో తెలియకుండా డారియో ఎలా వాయిస్తాడు? ఎవరో ఒకరు ఊరికే పాడి పెట్టండి. గొంతు వచ్చాక మళ్ళీ ఇతనే పాడుకుంటాడు."

మిచ్ తన బూట్ల వంక చూసుకున్నాడు. ఐలాకు జలుబు చేసి ఉంది. కర్లింగ్ అనే మంచు ఆట క్లబ్బులో మంచు నేల చదును చేసే పనికి అరగంటలో చేరాలి. త్వరగా పని తెమిలిపోతుందని కాగితం అందుకుంది. పాట పేరు 'తలుపు వేసి వెళ్ళు'. వెళ్తే వెళ్ళావు గాని తలుపైనా వేసి వెళ్ళు, చలి లోపలికొస్తోంది అని పల్లవి. ఎవరో పిల్ల డారియోను వదిలేసి ఉంటుందనుకుని, కరెంటు బిల్లు చదివినట్టు చదివింది. చివర ముక్కు ఎగబీల్చి, "అయిపోయిందా? నేను పనికెళ్ళాలి" అంది.

వారం తర్వాత డారియో ఆ పాటను ప్రాణం పెట్టి పాడాడు. ఫ్యాక్టరీకి పంపేటప్పుడు వెర్న్ పొరపాటున పాత టేపు పంపాడు.

ఐదువందల సీడీలు వచ్చాక, డారియో వాళ్ళ గరాజులో ముగ్గురూ కూర్చుని విన్నారు. ఏడో పాట వచ్చింది. ఐలా గొంతులో, ముక్కు ఎగబీల్పుతో, 'నేను పనికెళ్ళాలి'తో సహా వచ్చింది.

"జలుబు బాగా తెలుస్తోంది" అన్నాడు మిచ్.

"నోర్ముయ్‌రా" అన్నాడు డారియో.

మళ్ళీ చేయించే స్తోమత లేదు. అలాగే అమ్మారు. ఏప్రిల్లో యూనివర్సిటీ రేడియోలో ఒక కుర్రాడు ఆ ఏడో పాట వేశాడు. మర్నాడు మళ్ళీ వేశాడు. మేలో విన్నిపెగ్ వాళ్ళు, జూన్లో టొరంటో వాళ్ళు వేశారు. ఒక పత్రికలో 'ఒక తరం మొత్తం విసుగు ఆ గొంతులో ఉంది' అని రాశారు. ఐలా వాళ్ళమ్మ దాన్ని కత్తిరించి ఫ్రిజ్‌కు అంటించి, "ఎందుకే అంత విసుగు?" అని అడిగింది.

"జలుబమ్మా" అంది ఐలా.

జులైలో పడమటి ఊళ్ళన్నీ తిరుగుతూ వాయించే పిలుపు వచ్చింది. ప్రతిచోటా జనం తొమ్మిది పాటలు ఓపిగ్గా విని, ఏడో పాట కోసం అరిచేవారు. ఐలా డ్రమ్స్ వెనక నుంచే పాడేది. చివర జనమంతా కలిసి, "అయిపోయిందా? నేను పనికెళ్ళాలి" అనేవారు. డారియో గిటార్ వాయిస్తూ పక్కకు చూసేవాడు. విన్నిపెగ్ దాటాక మూడువందల కిలోమీటర్లకు వ్యాను ఆపారు. పెట్రోలు బంకు దగ్గర డారియో బంగాళాదుంప వేపుళ్ళ పొట్లం పట్టుకుని ఐలా పక్కన కూర్చున్నాడు.

"అది మా అన్న గురించి రాశాను" అన్నాడు.

"ఏది?"

"ఆ పాటే. రెన్జో. రెండేళ్ళ కిందట ఆయిల్ పనికని అల్బర్టా పోయాడు. చెప్పకుండా పోయాడు. నిజంగానే తలుపు వేయలేదే. పొద్దున అమ్మ లేచేసరికి హాలంతా మంచు. ఇప్పటిదాకా ఒక్క ఫోనూ లేదు."

ఐలా ఒక వేపుడు ముక్క తీసుకుంది. "ముందే చెప్పొచ్చుగా."

"ఏం చెప్పను? నువ్వు పనికెళ్ళాలన్నావు."

ఆ సాయంత్రం రెజైనాలో ఐలా ఆ పాటను మనసు పెట్టి పాడింది. గొంతు వణికింది. రెండో చరణంలో కళ్ళు చెమర్చాయి. జనం చప్పుడు లేకుండా విని, మర్యాదగా నాలుగు చప్పట్లు కొట్టి, కూల్‌డ్రింకుల వైపు నడిచారు.

"ఇంకెప్పుడూ అలా పాడకు" అన్నాడు డారియో.

"నీ బాధేనయ్యా అది."

"నాకు తెలుసు. నేను పాడినప్పుడూ అలాగే ఉంది. తర్వాత ఆ టేపు వింటే నాకే పట్టలేదు. బిల్లు చదివినట్టే చదువు. నీ గొంతులోనే బావుంది. చెప్పడానికి నెలలు పట్టింది."

అప్పట్నుంచి ఐలా పాడేటప్పుడు మంచు నేల గురించే ఆలోచించేది. తెలిశాక తెలియనట్టు పాడటం డ్రమ్స్ కన్నా కష్టమని ఆమెకు అర్థమైంది.

అల్బర్టాలోని ఎడ్మంటన్‌లో పట్టపగలు, మైదానంలో వాయించారు. అయ్యాక ఒక పొడుగాటి మనిషి, మోకాళ్ళ దాకా మట్టి అంటిన బూట్లతో వేదిక వెనక్కి వచ్చాడు. డారియో గిటార్ పెట్టెలో పెడుతూ పెడుతూ ఆగిపోయాడు.

"ట్రక్కులో రేడియో పెడితే నీ పేరు చెప్పారు" అన్నాడు రెన్జో. "ఐదు గంటలు నడుపుకుంటూ వచ్చాన్రా. ఆ తలుపు పాట బావుంది. ఎవరి మీద రాశావు?"

"ఎవరో ఒకళ్ళ మీద."

"వాడెవడో గాని గట్టిగానే తిట్లు తిన్నాడు పాపం."

డారియో పెట్టె మూత బిగించాడు. బిగిసే ఉన్న గడియను మళ్ళీ బిగించాడు. ఐలా డ్రమ్స్ ఇత్తడి తాళాలు సంచిలో సర్దుతూ తలెత్తింది.

"మీ మీదే" అంది.

రెన్జో ఆమె వైపు చూశాడు. తమ్ముడి వైపు చూశాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. తర్వాత పెద్ద డ్రమ్ము ఎత్తి భుజాన పెట్టుకుని, "వ్యాను ఎక్కడ?" అన్నాడు.

సామానంతా అతనే ఎక్కించాడు. ఆ తర్వాత అన్నదమ్ములిద్దరూ కంచె దగ్గర, ఎండలో, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు. "చేద్దామనే అనుకున్నాన్రా ఫోను" అని రెన్జో అనడం ఐలాకు వినిపించింది. ఆపైన గాలి అటు మళ్ళింది.

మిచ్ ఇంజను వేసి, స్టీరింగు ముందు కూర్చుని వాచీ చూసుకున్నాడు. తర్వాత వాయించాల్సిన కాల్గరీ మూడు గంటల దారి.

"ఏం మాట్లాడుకుంటున్నారు?" అన్నాడు.

ఐలా కిటికీలోంచి తల బయటపెట్టి కాసేపు విన్నది. "హాకీ."

"ఇంతసేపూనా?"

"ఇంతసేపూ."

మిచ్ ఇంజను ఆపేశాడు.