దించిన శ్రుతి

జీవరాజుకి ఆ పొద్దున కాళ్ళూ చేతులూ ఆడలేదు. పన్నెండేళ్ళ తర్వాత భార్య మళ్ళీ మైకు ముందు నిలబడబోతోంది. ఎగిరి గంతెయ్యాల్సిన మనిషి, హార్మోనియం పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆటోలో బిక్కమొహం వేసుకు కూర్చున్నాడు. ప్రేమమణి మాత్రం ఇస్త్రీ చీర కట్టి, లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి ఏ.ఎస్. రావు నగర్‌లోని రికార్డింగ్ స్టూడియో దాకా దారంతా కూనిరాగం తీస్తూనే ఉంది.

ప్రేమమణి అంటే ఆషామాషీ గాయని కాదు. క్యాసెట్ల కాలంలో ఈస్టర్ వేకువన చర్చి మైకుల్లోంచి లేచే ఆ సన్నని గొంతు ఆవిడదే. ఆ గొంతు పైకెక్కుతుంటే విన్నవాళ్ళు ఊపిరి బిగబట్టేవాళ్ళు. తర్వాత గొంతుకు ఆపరేషన్ అయింది. మాట తిరిగొచ్చింది గానీ పై స్థాయి పోయింది. ఆ సంగతి డాక్టరుకు తెలుసు, జీవరాజుకు తెలుసు. తెలియనిదల్లా ఆ మహాతల్లికే!

ఎలా తెలియలేదంటారా? ఇంట్లో సాయంకాలం ప్రార్థనకు హార్మోనియం వాయించేది జీవరాజే. ఆపరేషన్ తర్వాత ఆవిడ మొదటిసారి పాడబోతుంటే ఆయన ఒకటే ఆలోచించాడు. పై స్థాయిలో గొంతు విరిగిందంటే ఇక జన్మలో నోరు విప్పదు. అందుకని గుట్టుచప్పుడు కాకుండా శ్రుతి ఒక మెట్టు కిందికి దించి వాయించాడు. ఆవిడ హాయిగా పాడేసింది. కొన్నాళ్ళకు ఇంకో మెట్టు. అలా అలా నాలుగు మెట్లు దిగాడు. కళ్ళు మూసుకుని పాడే మనిషికి ఆయన వేళ్ళెక్కడున్నాయో ఏం తెలుస్తుంది?

"చూశారా, దేవుడు నా గొంతు నాకే ఇచ్చేశాడు!" అని మురిసిపోయేది.

"అవును మణీ," అనేవాడు. పడుకునే ముందు ఆ అబద్ధానికి దేవుణ్ణి క్షమాపణ వేడుకునేవాడు. మర్నాడు మళ్ళీ మామూలే. బయట పాడమని ఎవరైనా పిలిస్తే మాత్రం ఏదో వంక చెప్పి తప్పించేవాడు.

ఇప్పుడేమో సీడీల కంపెనీ లూకా వచ్చి, పాత పాటల్ని కొత్త సౌండుతో చేద్దామన్నాడు. డ్రమ్ములు, గిటార్లు, నానా హంగామా. జీవరాజు ఎన్ని వంకలు పెట్టినా ప్రేమమణి వినలేదు.

స్టూడియోలో కీబోర్డు వాయించే బ్రహ్మచారి అనే కుర్రాడు లేచి నమస్కారం పెట్టాడు. "అమ్మా, మీ పాటలు వినుకుంటనే పెరిగినం. ఏం పరేషాన్ కాకుండ్రి, మీ పాత క్యాసెట్ స్కేల్లనే పెట్టిన."

"బాబూ, స్కేలు, అదే శ్రుతి, కొంచెం..." అన్నాడు జీవరాజు.

"ఎందుకండీ? రోజూ ఇంట్లో పాడేదేగా!" అంది ప్రేమమణి.

పల్లవి ఎలాగో గట్టెక్కింది. చరణం పైకెక్కేచోట గొంతు చటుక్కున తెగింది. నీళ్ళు తాగి మళ్ళీ పాడింది. మళ్ళీ తెగింది. ఆ తర్వాత ఉత్త గాలే వచ్చింది. రికార్డింగ్ గది అద్దం అవతల లూకా తల దించుకున్నాడు.

"నిన్న ఇంట్లో వచ్చింది కదండీ!" అంది, పసిపిల్లలా భర్త వైపు తిరిగి.

"ఇంట్ల ఏ స్కేల్ల పాడ్తరమ్మా?" అన్నాడు బ్రహ్మచారి అమాయకంగా.

ఆవిడ భర్తనే చూసింది. "మీరు వాయించండి. ఇంట్లో వాయించినట్టే."

ఇక దాచేదేముంది? జీవరాజు పెట్టె తెరిచి చాప మీద కూర్చుని వాయించాడు.

"అరె, నాలుగు మెట్లు కిందికున్నది గద సార్!" అనేశాడు బ్రహ్మచారి.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది ప్రేమమణి.

"ఆపరేషన్ అయినప్పట్నుంచీ."

"నన్ను పిచ్చిదాన్ని చేసి ఆడించారన్నమాట."

"నువ్వు పాడటం మానేస్తావని భయం మణీ. నువ్వు పాడని ఇంట్లో నేనుండలేను."

ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. ఇంటికి పోదాం పదండంటుందని జీవరాజు పెట్టె మూయబోయాడు. ఆవిడ వచ్చి పక్కన చాప మీద కూలబడింది.

"ఇన్నాళ్ళూ మీరు విన్నది ఈ గొంతునేనా?"

"దీన్నే."

"ఎలా ఉండేది? ఈసారైనా నిజం చెప్పండి."

"పాత గొంతు వింటే చప్పట్లు కొట్టాలనిపించేది. ఇది వింటే... నీ పక్కన కూర్చోవాలనిపిస్తుంది."

ఆవిడ ముక్కు తుడుచుకుని అద్దం వైపు చూసింది.

"లూకా బాబూ, ఆ డ్రమ్ములూ అవీ తీసేయించు. హార్మోనియం చాలు."

"అమ్మా, కొత్త సౌండ్ అనుకున్నాం గదా..."

"ఇది కొత్తదే నాయనా. నేనే ఇవాళ విన్నాను."

భర్త మోకాలి మీద చెయ్యేసింది. "ఇంకో మెట్టు దించండి. ఇన్నాళ్ళూ మీరు దించారు, ఈసారి నేను దిగుతాను."

పాట నెమ్మదిగా, బరువుగా, పక్కన కూర్చున్న మనిషికి చెబుతున్నట్టుగా మొదలైంది. బ్రహ్మచారి కీబోర్డు మీంచి చేతులు తీసేసి వింటూ ఉండిపోయాడు. ప్రేమమణి గొంతు ఎక్కడా తెగలేదు. కళ్ళనీళ్ళకు మెట్లు కనబడక ఆ రికార్డింగు పాడుచేసింది మాత్రం జీవరాజే.