గంజి పెట్టిన జాకెట్టు

సుగుణ టీచరు జబ్బేమిటో ఊళ్లో ఒక్కరికీ అంతుపట్టలేదు. కనబడి చస్తే కదా! ఎండాకాలంలో ఎడమ పక్కటెముకల మీద సర్పి లేచింది. పొక్కులు పొంగాయి, ఎండాయి, చెక్కులు రాలిపోయాయి. చర్మం నున్నగా తేలింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నొప్పి మాత్రం అక్కడే ఉండిపోయింది.

అదైనా మామూలు నొప్పా? గట్టిగా అదిమితే ఊరుకుంటుంది, గుడ్డ అంచు రాసుకుంటే ప్రాణం తోడేస్తుంది. జాకెట్టు తొడిగితే నిప్పులు పోసినట్టే. తొడక్కుండా సావిడిలోకి ఎలా వస్తుంది, మరుదులిద్దరూ తిరుగుతుంటే? అందుకని పెరటి గదిలో తలుపేసుకుని, పైట ఒంటికి తగలకుండా వేళ్లతో ఎత్తి పట్టుకుని కూర్చునేది. వానలు పట్టినా ఆ గదిలోంచి బయటపడలేదు. భర్త దానం గుమ్మంలో నిలబడి, "ఎలా ఉంది?" అని అడిగి తాలూకా ఆఫీసుకి వెళ్లిపోయేవాడు. పాపం, అతను మాత్రం ఏం చేస్తాడు!

అత్తగారు ఎలీసమ్మ అలా ఊరుకునే మనిషి కాదు. డాక్టరు కేశవరావుగారి బలం ఇంజక్షన్లతో గుణం కనబడకపోయేసరికి కోడల్ని మళ్లీ రాజోలు తీసుకెళ్లి ఆయన ముందు కూర్చోబెట్టింది.

"కళ్లు మూసుకోండి టీచరుగారూ," అని ఆయన చిన్న దూది పింజ తీసి పక్కటెముకల మీద ఆనించారు. సుగుణ కెవ్వున అరిచింది.

"ఇదేం చోద్యమండీ! దూదికి కూడా అరుస్తారా అండీ ఎవరైనా?" అంది ఎలీసమ్మ.

"చర్మం బాగానే ఉందండి మామ్మగారూ. లోపల నరం పాడైంది. ఇన్నాళ్లూ బలం ఇంజక్షన్లు పొడవడం నా పొరపాటేనండి." డాక్టరుగారు సుగుణ వైపు తిరిగారు. "ఈ మాత్ర రోజూ పడుకోబోయే ముందు వేసుకోండి. నోరెండుతుంది, మత్తుగా ఉంటుంది. నొప్పి కొంత మెత్తబడొచ్చు. పూర్తిగా పోతుందని మాటివ్వలేనండి."

"ఎన్నాళ్లుంటుందండీ?"

"ఏడాది కావచ్చు, ఇంకా ఎక్కువే కావచ్చండి. అందాకా జాకెట్టు మానేస్తే మంచిది."

ఎలీసమ్మ మొహం మాడిపోయింది. "ఆ ఒక్కటీ చెప్పకండి," అని విసురుగా లేచింది.

ఆవిడ పంతం సుగుణకి తెలియనిది కాదు. ఎలీసమ్మ చిన్నప్పుడు కామందు ముత్యాలరాజుగారి చేలో ఊడ్పులకు వెళ్లే వాళ్ల పేట ఆడవాళ్లలో ఒక్కరికీ జాకెట్టుండేది కాదు. బాప్తీస్మం పుచ్చుకున్న రోజున మిషను దొరసానిగారు తన చేత్తో తెల్ల జాకెట్టు తొడిగితే, ఎలీసమ్మ కావాలని కామందు ఇంటి ముందునుంచే నడిచి వచ్చింది. అప్పట్నించి తమ ఇంట్లో ఆడవాళ్ల జాకెట్లకి గంజి పెట్టడం ఆవిడ పనే, ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. అలాంటి మనిషి, కోడల్ని జాకెట్టు మానమంటే వింటుందా? ఇటు నరం వినదు, అటు అత్తగారు వినదు. మధ్యలో సుగుణ నలిగిపోతోంది.

సెలవు అయిపోయింది. సోమవారం రాకపోతే ఇంకొకర్ని వేసుకుంటామని స్కూలు మేనేజరు వరప్రసాదంగారు కబురు పెట్టారు. సుగుణకి బడంటే ప్రాణం. ఏడుస్తూనే జాకెట్టు తొడుక్కుంది. గడప దాటేసరికి చెమట పట్టింది. కాలవ గట్టెక్కింది. బడి కనబడుతోంది, పిల్లల ప్రార్థన వినబడుతోంది. అంతలో గాలి వీచి జాకెట్టు గుడ్డ పక్కటెముకల మీద రెపరెపలాడింది. అంతే! కళ్లు బైర్లు కమ్మాయి. సిగ్గూ శరమూ ఏవీ గుర్తు రాలేదు. అక్కడే హుక్కులు విప్పేసి, పైట దూరంగా పట్టుకుని వెనక్కి తిరిగింది.

ఇంటికి ఉన్నది ఒకే దారి, అదీ ముత్యాలరాజుగారి ఇంటి ముందునుంచే. ఆ అరుగు మీద వాళ్లు మాటలాపి చూశారు. సుగుణ తలొంచుకుని నడిచింది. తలెత్తేసరికి ఎదురుగా తమ అరుగు మీద ఎలీసమ్మ నిలబడి ఉంది. ఆవిడ చూపు హుక్కుల మీద పడింది, తర్వాత కోడలి మొహం మీద పడింది. విసవిసా లోపలికి వెళ్లి ధడాలున తలుపేసుకుంది. అయిపోయింది, ఇంక ఇంట్లోకి కూడా రానివ్వదు అనుకుంది సుగుణ. వీధిలోనే ఆగిపోయింది.

తలుపు తెరుచుకుంది. ఎలీసమ్మ బయటికొచ్చింది. ఒంటి మీద జాకెట్టు లేదు. ముడతలు పడ్డ భుజాల చుట్టూ చీర బిగించి, ఒకప్పుడు వాళ్లమ్మ కట్టుకున్నట్టు కట్టుకుంది. గబగబా వచ్చి కోడలి కుడి చెయ్యి పట్టుకుంది.

"ఏమండోయ్, అలా చూస్తారేంటండీ?" అని కామందుగారి అరుగు కేసి కేకేసింది. "మా ఇంట్లో ఉక్కగా ఉందండీ!"

వాళ్లు మొహాలు తిప్పుకున్నారు. ఎలీసమ్మ కోడల్ని తెచ్చి తమ అరుగు మీద, తన పక్కనే కూర్చోబెట్టుకుంది. అంత సేపూ ఆవిడ కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు.

బడి గంట కొట్టారు. సుగుణ అటు చూడలేకపోయింది.

"ఇప్పుడేమైనా తగ్గిందా అమ్మా?" అని ఆశగా అడిగింది ఎలీసమ్మ.

అబద్ధమాడాలనిపించింది సుగుణకి. నోరు రాలేదు. "లేదత్తయ్యా."

"సర్లే. ఇక్కడే కూర్చో," అంది ఎలీసమ్మ. "ఆ గదిలోకి మాత్రం పోకు."