నెత్తిమీద ఊరు

పొద్దుటి నుంచి కట్టమ్మ నెత్తిమీద మూట దిగలేదు. ఒకటి దించితే ఇంకొకటి ఎక్కించారు. పాత తాలూకా కచ్చేరి రికార్డు గదిలోంచి, రోడ్డుకు అవతల సున్నం ఇంకా ఆరని కొత్త మండలాఫీసు దాకా, ఎర్రబట్టలో కట్టిన కాగితాల మూటలు. నిజాం కాలపు దుమ్ము ఆమె ముఖంమీద చెమటతో కలిసి చారలు కట్టింది. ఆమె అక్కడికి కూలికి రాలేదు. ఒక నకలు కావాలని దరఖాస్తు పట్టుకుని వచ్చింది.

ఆ కచ్చేరి పద్ధతి అది. నకలు అడగడానికి వచ్చిన పల్లె మనిషి ముందు పని చేయాలి. ఆడవాళ్ళయితే వరండా ఊడ్చి కుండలు నింపాలి. మగవాళ్ళయితే సార్ల ఇండ్లకు పోయి కట్టెలు కొట్టాలి. ఆ తర్వాత కిటికీ తెరుచుకుంటుందా లేదా అన్నది హెడ్ క్లర్క్ సారంగపాణి దయ. దొరల గడీల్లో వెట్టి పోయిందని సభల్లో చెప్పుకుంటారు. అది ఎక్కడికీ పోలేదు. గడీలోంచి లేచి వచ్చి కచ్చేరిలో కూర్చుంది.

తాలూకాలు రద్దయి మండలాలు వచ్చిన ఏడాది. రికార్డులను పంచి కొత్త ఆఫీసులకు చేరవేయమని పైనుంచి ఆర్డరు. కూలీలకు పైసలు ఎందుకు, దరఖాస్తుదారులు ఉండగా? నేను కేసముద్రం మార్కెట్లో వడ్ల కమీషన్ వ్యాపారిని. లైసెన్సు పనిమీద వచ్చి ఆ వరండాలో బల్లమీద కూర్చున్నాను. ఎవరు మోస్తున్నారు, ఎవరు తూస్తున్నారు, తరుగు ఎవరిమీద పడుతోంది అని చూడడం నా వృత్తి. కాబట్టి చూశాను.

ఎండ వాలుతుండగా నకళ్ళ గుమాస్తా నయీముద్దీన్ ఒక మూట తెచ్చి ఆమె తలమీద పెట్టాడు. ఆ ఆఫీసులో ఉర్దూ చదవగలిగింది ఆయనొక్కడే. పాత రికార్డంతా ఉర్దూలోనే ఉండేది కాబట్టి రిటైరు కావలసిన మనిషిని ఇంకా లాగుతున్నారు. ఆయన మూట సర్దుతూ మెల్లగా అన్నాడు:

"కట్టమ్మా, జర నిమ్మళంగ పో. నీ ఊరే నీ నెత్తిమీదున్నది."

ఆమె ఆగిపోయింది. "మా మామ పేరున్నదా అన్నా, ఇందుల?"

"ఉన్నది. మీ మామదున్నది. మీ వాడకట్టోళ్ళందరియీ ఉన్నయ్."

ఆమె రెండు చేతులతో మూటను పట్టుకుంది. అంతవరకు ఒక చేత్తోనే మోసింది. రోడ్డువైపు తిరిగేసరికి సారంగపాణి కిటికీలోంచి కేకేశాడు. అది అటు కాదు, వెనక వరండాలో పడేయమన్నాడు. పనికిరాని కాగితాలన్నీ అక్కడేనని, సోమవారం వాటిని కాల్చేస్తారని చెప్పాడు.

కట్టమ్మ కదల్లేదు. మూట దించనూ లేదు. అటెండరు వెనక నుంచి వచ్చి మూటను పట్టి గుంజాడు. ఆమె మెడ ఒకవైపు తిరిగింది, మనిషి మెట్లమీద పడింది. వరండాలో ఉన్నవాళ్ళలో ఇద్దరు నవ్వారు. సారంగపాణి కిటికీలోంచి ఒక చీటీ జారవిడిచాడు. దానిమీద మొహరు ఉంది, సంతకం ఉంది. "కోరిన రికార్డు అందుబాటులో లేదు." ఆ ముక్క రాసింది నయీముద్దీనే. సారంగపాణి చెప్పాడు, ఆయన రాశాడు. ఏళ్ళుగా అట్లాగే జరుగుతోంది.

ఆ చీటీ నేను అడిగి చూసి, భద్రంగా దాచుకోమని ఆమెకు తిరిగి ఇచ్చాను. ఏ కాగితం ఎప్పుడు ఏ ధర పలుకుతుందో ముందు తెలియదు.

కట్టమ్మది రాళ్ళవాగు. ఆ వాగు ఒడ్డు పొలాలను తాతల నుంచి దున్నుతున్నది ఆ ఊరి మాదిగలు, ముత్రాసులు. నిజాం పోయాక వచ్చిన చట్టంలో వాళ్ళను రక్షిత కౌలుదార్లని రాశారు, ఇంటింటికీ కాగితం ఇచ్చారు. దున్నేవాణ్ణి దొర వెళ్ళగొట్టరాదని దాని అర్థం. ఆ కాగితాలను వాళ్ళు ఏం చేశారు? తీసుకెళ్ళి దొరకే ఇచ్చారు. గడ్డి కప్పులు, వానలు, చెదలు. ఊళ్ళో చినుకు పడని కప్పు గడీ ఒక్కటే. పైగా దొరే పిలిచి, మీ కాగితాలు నా సందుగులో భద్రంగా ఉంటయని చెప్పాడు. వాళ్ళు దండంపెట్టి ఇచ్చి వచ్చారు. నవ్వకండి. తోడేలు దగ్గర మేకను దాచినట్టని ఇప్పుడు మనం అంటాం. అప్పుడు వానకు తడవని చోటు ఇంకెక్కడ ఉంది?

ఇప్పుడు దొర కొడుకు ఆ ఒడ్డును గ్రానైటు కాంట్రాక్టరుకు అమ్మాడు. రైతులు కోర్టుకు పోతే కాగితం చూపమన్నారు. రాబోయే వాయిదాలోపు చూపకపోతే నార్లు పోసే నాటికి అక్కడ రాళ్ళు పేలుతాయి. గడీలో ఉన్న కాగితం దొరకదు. ఇక మిగిలింది కచ్చేరి రిజిస్టరు. అదే వెనక వరండాలో అగ్గికి సిద్ధంగా ఉంది.

నేను ధర్మాత్ముణ్ణి కాదు. ఆ ఒడ్డు వడ్లు ఏటా నా కాటామీదికి వస్తాయి. పొలం పోతే నాకు మిగిలేది రాళ్ళ దుమ్ము. రైతు బతికితేనే నా కొట్టు తెరుచుకుంటుంది, దొర బతికితే తెరుచుకోదు. ఇందులో ఎవరి పక్కన నిలబడాలో తేల్చుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు.

ఆదివారం మార్కెట్ బంద్. నా గోదాంలో మీటింగు పెట్టుకున్నాం. రాళ్ళవాగు నుంచి ఆడా మగా వచ్చారు. మార్కెట్ హమాలీలు వచ్చారు. వాళ్ళలో మొగిలిది రాళ్ళవాగే, సంఘం మనిషి. హనుమకొండ నుంచి విద్యార్థులు వచ్చారు.

వాదన చాలాసేపు నడిచింది. ఒక విద్యార్థి లేచి, ఈ కాగితం రాజ్యానిది, దాన్ని అడుక్కోవడమేమిటి, దున్నేవాడిదే భూమి, నాగళ్ళు కట్టి దిగుదామన్నాడు. చప్పట్లు పడ్డాయి. మొగిలి మాత్రం కొట్టలేదు.

"నాగలి కడతం తమ్మీ, కట్టం అంటలేం. కట్టినంక పోలీసోళ్ళు వత్తరు. అప్పుడు మా తాత పేరు బూడిదల దేవులాడుకోవాల్నా? రాజ్యంది అంటవేంది. అందుల ఉన్నయి మా పేర్లు. మా పేర్లు మాయి."

మొండయ్య అనే ముసలాయన, గొడవలెందుకు, సారంగపాణికి ఒక మేకపోతును తోలుదామన్నాడు. అందరికంటే ముందు కట్టమ్మ నవ్వింది. మెడ తిప్పలేక మనిషంతా ఆయనవైపు తిరిగింది.

"మేకపోతును తిని, దాని తొడబొక్కమీదనే లేదు అని రాసిత్తడు మామా."

నవ్వులు ఆగాక ఆమె చెప్పింది. మూటలు ఇంకా గదినిండా ఉన్నాయి. మోసే మనుషుల కోసం సారంగపాణి ఎదురు చూస్తున్నాడు. కాబట్టి రేపు అందరం పోదాం, మోస్తామని చెబుదాం. సంతోషంగా తలుపు తీస్తాడు.

"మోసి?" అన్నాడు విద్యార్థి.

"మోసి దించుతం. ఇన్నేండ్లు ఏడ దించాల్నో వాళ్ళు చెప్పిన్రు. రేపు మనం చెప్తం."

నేనొక్క మాటే కలిపాను. ఎవరూ ముడి విప్పకూడదు, ఒక్క కాగితం చిరగకూడదు. మనం విప్పితే దొంగతనం, గుమాస్తా విప్పితే డ్యూటీ. హమాలీలకు ఇది వెంటనే అర్థమైంది. బస్తా మోసేవాడు బస్తా కుట్టు ముట్టడు.

సోమవారం పొద్దున తలలమీద మోతకు చుట్టబట్టలు పెట్టుకుని వరుసగా నిలబడ్డ జనాన్ని చూసి సారంగపాణి ముఖం వెలిగింది. అటెండరును పిలిచి, చూడు, బుద్ధి వచ్చిందన్నాడు. గది తెరిచాడు. వెనక వరండాలో ఉన్నవి కూడా వీళ్ళే కాల్చే కుప్పకు చేరవేస్తారులే అని ఆయన లెక్క.

మూటలు కదిలాయి. కొత్త ఆఫీసుకు పోలేదు, కుప్పకూ పోలేదు. రెండు కచ్చేరీల మధ్య రోడ్డుమీద ఒక్కొక్కటే దిగాయి. దించినవాళ్ళు తమ మూట పక్కనే కూర్చున్నారు. మధ్యలో కట్టమ్మ. ఆమె ముందు రాళ్ళవాగు మూట. బస్సులు ఆగాయి. పనులమీద వచ్చిన ఇతర ఊళ్ళ జనం చుట్టూ చేరారు.

సారంగపాణి మెట్లు దిగి వచ్చి, సర్కారు ఆస్తిని రోడ్డు పాలు చేస్తారా అని అరిచాడు.

"కాలవెట్టే దానికి గింత ఫికరెందుకు సారూ?" అన్నాడు మొగిలి. "మేం ముట్టం. నయీం సాబును పిలువుండ్రి. ఇప్పి సదవుమనుండ్రి. ఇనిపోతం."

గొడవ విని బయటికి వచ్చిన మండలాఫీసరు మళ్ళీ లోపలికి పోయి పోలీసులకు ఫోనెత్తాడు. కిటికీ అవతల నయీముద్దీన్ నిలబడి ఉన్నాడు. ఆయన్ని ఎవరూ పేరుపెట్టి కేకేయలేదు. అంతమంది అటే చూశారు, అంతే. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు, బయటికి వచ్చాడు. సారంగపాణి దారికి అడ్డం నిలబడ్డాడు.

"సారూ, లేదు అని రాసిన చెయ్యి నాదే. ఉన్నది అని సదివే నోరు గూడ నాదే కానీయుండ్రి," అని ఆయన పక్కనుంచి నడిచిపోయాడు.

రోడ్డుమీద మోకాళ్ళు మడిచి కూర్చుని ముడి విప్పాడు. రిజిస్టరు తెరిచి, ఉర్దూలో చదివి, తెలుగులో చెప్పాడు. ఫలానా సర్వే నెంబరు, రక్షిత కౌలుదారు, మల్లయ్య కొడుకు పోశయ్య.

కట్టమ్మ లేచి నిలబడింది. పోశయ్య ఆమె మామ. చచ్చిపోయి ఏళ్ళయింది.

"ఉన్నడు," అంది.

తర్వాతి పేరుకు మొగిలి లేచాడు. ఆ తర్వాత మొండయ్య లేచి, తన తండ్రి పేరు విని, తలమీది చుట్టబట్ట తీసి చేతిలో పట్టుకున్నాడు. పక్కవాళ్ళు ఆయన తరఫున ఉన్నడని పలికారు. పేరు పేరుకూ మనుషులు లేస్తున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళలోంచి ఇంకో ఊరి ఆడమనిషి ముందుకు వచ్చి, ఇది అయినంక మాది సదువు చాచా అంది. ఇంకెవరో మాది అన్నారు. సారంగపాణి అప్పుడు భయపడ్డాడు. జనం అరిచినప్పుడు కాదు, వరుస కట్టినప్పుడు.

పోలీసు వ్యాన్లు వచ్చాయి. ఏమీ అడగలేదు. లాఠీలు ముందు చేతులమీద పడ్డాయి, తర్వాత తలలమీద. మొగిలి కుడి భుజాన్ని గురి చూసి విరిచారు. హమాలీకి అన్నం పెట్టేది ఆ భుజమే అని వాళ్ళకు తెలుసు. కట్టమ్మ చేతే మూటలన్నీ ఎత్తించి జీపులో పెట్టించారు. తిరగని మెడమీద మోసింది. నయీముద్దీన్‌ను కాలరు పట్టి ఈడ్చుకుపోయారు. ఆయన కళ్ళజోడు రోడ్డుమీద పడితే ఒక జవాను బూటుతో తొక్కాడు, తీరికగా. నన్నూ వ్యాన్లో వేశారు.

స్టేషన్లో మమ్మల్ని ఒక గదిలో, ఆయన్ని ఇంకో గదిలో ఉంచారు. ఎవరు చెబితే చదివావని గోడ అవతల అడుగుతూనే ఉన్నారు. ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. మొదట మాటలు వినిపించాయి. తర్వాత మాటలు వినిపించలేదు. దవాఖానకు తీసుకుపోయేటప్పటికే ప్రాణం పోయిందని తర్వాత తెలిసింది. గుండె ఆగిందని డాక్టరు రాసిచ్చాడు. భార్య బడేబీ ముఖం కంటే ముందు భర్త అరికాళ్ళు చూసింది. గుండె ఆగిన మనిషి అరికాళ్ళు అట్లా ఉండవు.

ఆయన జనాజా పాడెను రాళ్ళవాగు మగవాళ్ళు, మార్కెట్ హమాలీలు మోశారు. మొగిలి ఎడమ భుజం పెట్టాడు. నెల తిరిగాక బడేబీ పింఛను కోసం ఆఫీసుకు పోతే సారంగపాణి ఆమెకూ ఒక చీటీ ఇచ్చాడు. మీ భర్త సర్వీసు రికార్డు అందుబాటులో లేదు. చేతిరాత మాత్రం వేరు.

మామీద పెట్టిన కేసు దొంగతనం. రాళ్ళవాగు రక్షిత కౌలుదార్ల రిజిస్టరును దొంగిలించామని పోలీసులు స్వయంగా రాశారు, పేరు, సంవత్సరం, పేజీలతో సహా. బెయిలుమీద వచ్చిన రోజే ఆ కాగితం చదివి నేను మా వకీలు దగ్గరికి పోయాను. కట్టమ్మ చీటీని దాని పక్కన పెట్టాను. లేని సరుకును ఎవడైనా ఎట్లా దొంగిలిస్తాడు? లేదన్నది అబద్ధమైతే రిజిస్టరు బయటికి రావాలి. దొంగతనం అబద్ధమైతే కేసు పోవాలి. ఏ తట్టలో వేసినా కాటా మావైపే మొగ్గాలి.

కాటా న్యాయంగా ఉంటేనే ఆ మాట. మేజిస్ట్రేటు రెండు కాగితాలూ చూశాడు, రిజిస్టరును సాక్ష్యం కింద కోర్టులో సీలు వేయించాడు. ఇక దాన్ని కాల్చలేరు. మేమూ చూడలేము. కేసు తేలేదాకా భూమిమీద ఎవరూ దిగరాదన్నాడు. కాంట్రాక్టరు మిషన్లు వాగు అవతలే ఆగాయి. నార్లూ ఆగాయి.

ఇదీ నా లెక్క. లైసెన్సు పోయింది, గోదాముకు తాళం పడింది. మొగిలి మళ్ళీ బస్తా ఎత్తలేడు. కట్టమ్మ మెడ తిరగదు. ఒక మనిషి తిరిగి రాడు. ఈ పక్కన జమ చేయడానికి ఏముంది? కాలని ఒక రిజిస్టరు, అది కూడా సీలు కింద. నష్టానికే అమ్మావని నా తోటి వ్యాపారులు అంటారు. అప్పుడే బేరం ముగిసిందని వాళ్ళు అనుకుంటున్నారు.

కోర్టు వాయిదా తర్వాత వచ్చిన సోమవారం నేను మళ్ళీ ఆ రోడ్డుమీద ఉన్నాను. పొద్దున ఆఫీసు తెరిచేసరికి రికార్డు కిటికీ ముందు మనుషులు నిలబడి ఉన్నారు. అందరి తలలమీద చుట్టబట్టలున్నాయి. రాళ్ళవాగు వాళ్ళే కాదు. నేను పేర్లు కూడా వినని ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, తమ కాగితాలను గడీల్లో దాచి పోగొట్టుకున్నవాళ్ళు. వరుస కచ్చేరి గోడ దాటి, కోర్టు మలుపు తిరిగి, బస్టాండు వైపు పోయింది. అందరికంటే ముందు బడేబీ ఉంది, బురఖా మీదే చుట్టబట్ట పెట్టుకుని. ఆమె వెనక కట్టమ్మ.

సారంగపాణి కిటికీ రెక్క కొంచెం తెరిచి చూశాడు.

"మోసేటియి ఉన్నయా సారూ?" అంది బడేబీ.

ఆయన ఆమెను చూశాడు, ఆమె వెనక చూశాడు, వరుస చివర కనిపించక మెడ సాచాడు. కిటికీ మూసేశాడు. వరుసలో ఎవరూ కదల్లేదు. లోపల గొళ్ళెం పడిన చప్పుడు అందరికీ వినిపించింది. ఆ గదికి బయటి నుంచి తాళం వేయడమే ఇన్నేళ్ళూ చూశాం. వాళ్ళు లోపలి నుంచి గొళ్ళెం పెట్టుకోవడం అదే మొదలు.