వీపు మీద అమ్మ పేరు

"మూడు చాయ్‌లు," అని హాల్లోంచి భర్త అఫ్జల్ కేకేశాడు. ఎవరొచ్చారో చెప్పలేదు. నజ్మా పొయ్యి మీద పాలు పెట్టి అల్లం దంచసాగింది.

పొద్దున్నే అత్త మెహబూబీ అననే అంది: "కెమెరా తుడిచే బట్ట తెల్లగుంటది, గిన్నెలు తుడిచేది మాత్రం మసిగుడ్డ." పదేళ్ల నుంచి ఇలాంటి మాటలు వింటూనే నజ్మా సినిమాలు తీస్తోంది. ఇప్పుడు తీస్తున్నది గట్టు అనే ఊళ్లో కబడ్డీ ఆడే ఆడపిల్లల మీద. వాళ్లే జెర్సీలు కుట్టి అమ్ముతారు, ఆ డబ్బుతోనే పోటీలకు పోతారు. సొంత జెర్సీల మీద ఎవరి పేరు వేసుకుంటారని అడిగితే అందరూ అమ్మల పేర్లే చెప్పారు. నజ్మాకు ఆ రోజు ఏడుపొచ్చింది.

వాళ్లలో సౌందర్యకు పదహారేళ్లు. "మామ నాకు లగ్గం పెట్టిండు. నేను చేస్కోను," అంది కెమెరా ముందు. నజ్మా ఆ ముఖాన్ని మసకపరిచింది. తర్వాత ఆ పిల్లను లింగాలలో ఉండే కోచ్ సింధూజ ఇంట్లో దాచింది. కారు నడిపింది అఫ్జలే. అడగకుండానే వచ్చాడని ఎంత మురిసిపోయింది!

చాయ్ పట్టుకుని హాల్లోకి వెళ్లింది. కుర్చీలో తెల్లచొక్కా మనిషి ఒక్కడే. మూడో చాయ్ తనకేనన్నమాట. ఇన్నేళ్లలో అఫ్జల్ తనను అలా కూర్చోబెట్టింది లేదు.

"కూసో చెల్లె. నా పేరు చంద్రశేఖర్, గట్టు మాది," అన్నాడతను మెత్తగా. "సినిమా ముక్క అఫ్జల్ భాయ్ పంపిండు. మంచిగ తీసినవ్. మొఖం దాచినవ్ గని, వీపు మీద ఈదమ్మ అని కనవడ్తనే ఉంది. ఈదమ్మ మా అక్క."

నజ్మా చాయ్ పళ్లెం బల్ల మీద పెట్టేసింది. భర్త వైపు చూసింది.

"జెర్సీలకు ఆర్డర్లు వస్తయని అందరికి పంపిన," అన్నాడు అఫ్జల్. "పరేషాన్ ఎందుకు? వాళ్లింటి పిల్ల, వాళ్లు తీస్కపోతరు. నీకు చెప్తే లొల్లి చేస్తవని నేనే అడ్రస్ ఇచ్చిన."

"మావోళ్లు పొద్దుగాల్నే బయలెల్లిండ్రు," అని చంద్రశేఖర్ చాయ్ ఊదుకున్నాడు. "అల్లం బాగ పడ్డది చెల్లె."

నజ్మా ఫోన్ మోగింది. సింధూజ.

"అక్కా, గేటు కాడ నలుగురు మొగోళ్లు ఉన్నరు. నజ్మా మేడమే పంపిందంటుండ్రు. నీ ఫోటో గూడ చూపిస్తుండ్రు. సౌందర్య బట్టలు సర్దుకుంటుంది. తలుపు తియ్యాల్నా?"

ఏమీ చెప్పొద్దన్నట్టు అఫ్జల్ చెయ్యి ఊపాడు. కళ్లలో కోపం లేదు. ఇంటి సంగతి బయటపెట్టకు అనే అలవాటైన హెచ్చరిక.

నజ్మా అతన్నే చూస్తూ గట్టిగా చెప్పింది.

"తియ్యకు. లోపల గొళ్లెం పెట్టి పోలీసులకు ఫోన్ చెయ్, నేనొస్తున్న. నేను కండ్ల ముంగట నిలవడేదాంక, నజ్మా పంపిందని ఎవరన్నా నమ్మకు. నా మొగుడన్నా నమ్మకు."